ఒకసారి చదివి, ఇంకోసారి మొరాయించే డిస్క్ డ్రైవు: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

పూర్తిగా చచ్చిపోయిన డ్రైవుతో పేచీ లేదు, తీసేసి ఇంకోటి బిగిస్తే సరి. తలనొప్పంతా పొద్దున చదివిన డీవీడీని సాయంత్రానికి గుర్తుపట్టని డ్రైవుతోనే. అప్పుడు చాలామంది కేబుల్ మార్చడం, లెన్సు తుడవడం, డ్రైవర్ (డ్రైవును నడిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం అన్నీ ఒకే పూటలో కానిచ్చేస్తారు. నాలుగు రోజులు బాగానే నడుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఏ పని వల్ల బాగైందో, ఏది వృథా పోయిందో తెలియదు. వచ్చిపోయే లోపాన్ని పట్టుకోవాలంటే అది దేన్ని వెంటబెట్టుకుని వస్తోందో ముందు చూడాలి. ఫలానా రకం డిస్క్ పెట్టినప్పుడేనా? కంప్యూటర్ వేడెక్కాకా, ఇంకా చల్లగా ఉండగానా? ట్రే మూసిన ప్రతిసారా, పెద్ద ఫైలు కాపీ అయ్యేటప్పుడా? ఒక కాగితం మీద తేదీ, డిస్క్, ఏం జరిగింది అని రాసుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

దానికంటే ముందు ఇంకో పని ఉంది. వేరే కాపీ లేని డిస్క్‌లు ఉంటే, డ్రైవు మంచి మూడ్‌లో ఉన్నప్పుడే వాటిని ఐఎస్‌ఓ ఫైలుగా, అంటే డిస్క్ మొత్తానికి ఒకే ఫైలు నకలుగా, హార్డ్ డిస్క్‌లోకి దించుకోండి. రిపేరు సంగతి తర్వాత చూడొచ్చు.

డ్రైవే మాయమవుతోందా, డిస్క్ చదవడం లేదా?

ఈ రెండూ వేరువేరు జబ్బులు. కంప్యూటర్‌లో డ్రైవు గుర్తే కనిపించకుండా పోతుంటే ఒక దారి. గుర్తు ఉండి, డిస్క్ పెట్టమని అడుగుతుంటే ఇంకో దారి.

మొదటిదైతే బయాస్‌లోకి, అంటే ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ తెరలోకి, వెళ్లి చూడండి. కంప్యూటర్ పూర్తిగా ఆపి, కొన్ని నిమిషాలాగి, ఆన్ చేసి బయాస్‌లో డ్రైవు పేరు ఉందో లేదో చూడాలి. రీస్టార్ట్ కాదు, పూర్తిగా ఆపాలి. ఇలా నాలుగైదుసార్లు చేయండి. వాటిలో ఒక్కసారి పేరు మాయమైనా విండోస్ జోలికి వెళ్లనక్కర్లేదు. అప్పటికింకా విండోస్ లోడే కాలేదు, కాబట్టి తప్పు కేబుల్‌లోనో, కరెంటులోనో, డ్రైవు బోర్డులోనో ఉంది. బయాస్‌లో ప్రతిసారీ కనిపించి విండోస్‌లో మాత్రం మాయమైతే తప్పు చాలావరకు సాఫ్ట్‌వేర్‌ది.

నమ్మకం కుదరకపోతే ఏదైనా లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి అవే డిస్క్‌లు పెట్టి చూడండి. అక్కడ పదికి పదిసార్లు చదివితే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయొచ్చు.

విండోస్ వైపు తప్పుల్లో ఎక్కువగా కనిపించేది ఫిల్టర్ల గొడవ. డిస్క్‌లు రాసే పాత సాఫ్ట్‌వేర్‌ను తీసేసినా అది రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్స్ దాచుకునే చోట) తగిలించిన ఫిల్టర్, అంటే డ్రైవుకూ విండోస్‌కూ మధ్య దూరే చిన్న ప్రోగ్రాం, ఉండిపోతుంది. డివైస్ మేనేజర్‌లో డ్రైవు మీద పసుపు గుర్తు, దానితో కోడ్ 19, 31, 32, 39, 41లలో ఏదో ఒకటి ఉంటే ఇదే అని అనుమానించాలి. రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ వరుసలో వెళ్తే 4డి36ఇ965తో మొదలయ్యే కీ ఉంటుంది. అలాంటి పేర్లు అక్కడ పక్కపక్కనే చాలా ఉంటాయి కాబట్టి, కుడివైపు క్లాస్ విలువ సీడీరామ్ అని ఉందో లేదో సరిచూసుకోండి. ముందుగా ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుని, అందులోని అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ విలువలు రెండూ తీసేసి రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత డిస్క్ రాసే ప్రోగ్రాం ఏదైనా మొరాయిస్తే దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలు.

విండోస్ 2000, ఎక్స్‌పీ నడుస్తున్న ఐడీఈ (వెడల్పాటి పట్టీ కేబుల్ వాడే పాత రకం) మెషీన్లలో ఇంకో చిక్కుంది. డ్రైవు నుంచి డేటా రావడంలో టైమ్‌అవుట్లు (సమయానికి జవాబు రాకపోవడాలు) ఆరు దాటితే విండోస్ ఆ ఛానెల్‌ను వేగమైన డీఎంఏ నుంచి, ప్రాసెసర్‌కు పని పెట్టే నెమ్మది పీఐఓ మోడ్‌కు దించేస్తుంది, తిరిగి తనంతట తాను పైకి ఎక్కించదు. గీతలు పడ్డ ఒక్క డిస్క్ చాలు ఈ పని జరగడానికి. అప్పటినుంచి సినిమా ఆగి ఆగి నడుస్తుంది, కాపీ జరుగుతుంటే మౌస్ కూడా ఈడ్చుకుంటూ కదులుతుంది. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్ల కింద డ్రైవు ఉన్న ఛానెల్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రస్తుత మోడ్ చూడండి. పీఐఓ అని ఉంటే ఆ ఛానెల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి డీఎంఏ ఇస్తుంది. కొన్ని రోజుల్లో మళ్లీ పీఐఓకు పడిపోతే అసలు తప్పు కేబుల్‌లోనో డ్రైవులోనో ఉన్నట్టే.

ఏ రకం డిస్క్ ముందు తప్పుతోంది?

డ్రైవు కనిపిస్తూనే డిస్క్‌లు చదవకపోతే, అన్నిటికంటే ఎక్కువ చెప్పే పరీక్ష ఇదే. పైగా ఏమీ విప్పక్కర్లేదు.

డీవీడీ డ్రైవులో రెండు లేజర్లు ఉంటాయి. సీడీకి 780 నానోమీటర్లది, డీవీడీకి 650 నానోమీటర్లది. రెండూ ఒకే రోజు చావాలని లేదు. డీవీడీలన్నీ చదువుతూ ఒక్క సీడీ కూడా చదవకపోతే సీడీ లేజర్ అయిపోయిందనే అనుకోవాలి. అటుదిటైనా అంతే. సీడీలు మాత్రమే నడుస్తున్నాయి కదా అని డ్రైవర్లతో కుస్తీ పట్టి లాభం లేదు.

ఇక అన్ని డిస్క్‌లూ కాంతిని ఒకేలా వెనక్కి పంపవు. కంపెనీలో అచ్చేసిన సీడీ తన మీద పడ్డ కాంతిలో కనీసం 70 శాతం తిప్పి పంపుతుంది. ఒక పొర డీవీడీకి ఇది 45 నుంచి 85 శాతం. రెండు పొరల డీవీడీ 18 నుంచి 30 శాతంతోనే సరిపెడుతుంది. మళ్లీ మళ్లీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ అయితే 15 నుంచి 25 శాతమే. లెన్సు మీద దుమ్ము పేరుకున్నా, లేజర్ వయసైపోయి మసకబారినా డ్రైవుకు తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది. అందుకే మొదట తప్పేవి ఆర్‌డబ్ల్యూలు, రెండు పొరల డీవీడీలు. ఆ తర్వాత ఇంట్లో రాసుకున్నవి. అచ్చేసిన సీడీ చివరిదాకా నిలబడుతుంది. సినిమా డీవీడీల్లో చాలావరకు రెండు పొరలవే కాబట్టి, ‘సినిమాలు ఆడటం లేదు గానీ పాటల సీడీలు బాగానే ఉన్నాయి’ అన్న ఫిర్యాదు తరచూ వినబడుతుంది.

పరీక్షకు ఐదు డిస్క్‌లు చాలు: అచ్చేసిన ఆడియో సీడీ, రాసిన సీడీ-ఆర్, సీడీ-ఆర్‌డబ్ల్యూ, అచ్చేసిన సినిమా డీవీడీ, రాసిన డీవీడీ-ఆర్. అన్నీ శుభ్రమైనవి, వేరే డ్రైవులో చదువుతాయని తేలినవి అయ్యుండాలి. ఒక్కోదాన్ని మూడేసిసార్లు పెట్టి తీసి, చదివిందా లేదా, ఎన్ని సెకన్లు పట్టింది అని రాయండి. మెరుపు తక్కువ డిస్క్‌లే తప్పుతుంటే లెన్సు, లేజర్ వైపు వెళ్లండి. రకంతో పనిలేకుండా ఏదో ఒకటి తప్పుతుంటే ట్రేను లాగే బెల్టు, కేబుల్, కరెంటు చూడాలి. ఎప్పుడూ ఒక్క డిస్కే తప్పుతుంటే డ్రైవును వదిలేసి ఆ డిస్క్‌ను చూడండి.

ఫైళ్ల జాబితా చక్కగా వచ్చి, కాపీ మాత్రం సగంలోనో చివర్లోనో ఆగిపోవడం ఇంకో రకం. డిస్క్ మీద డేటా లోపలి అంచు నుంచి మొదలై బయటికి వెళ్తుంది. జాబితా లోపలి వైపున ఉంటుంది కాబట్టి అది తేలిగ్గా వస్తుంది, లెన్సు బయటి అంచుకు జరగాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. దీనికి లెన్సు జారే రాడ్ల మీద గట్టిపడిన గ్రీజో, వంగిన డిస్కో కారణం.

డిస్క్ సంగతి

సీడీలో డేటా పొర లేబుల్‌కు ఆనుకునే ఉంటుంది. కింది వైపు 1.2 మిల్లీమీటర్ల మందాన ప్లాస్టిక్ కాపాడుతుంది గానీ, పై వైపు ఉన్నది పలచటి లక్క పూత మాత్రమే. కింది గీతను పాలిష్ చేయొచ్చు. లేబుల్ వైపు గీత లోహపు పొర దాకా దిగితే ఇక చేసేదేం లేదు. దీపానికి ఎదురుగా పట్టి చూడండి, సూదిమొన లాంటి వెలుతురు చుక్కలు కనిపిస్తే అక్కడ పొర ఊడినట్టే. డీవీడీలో డేటా పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి ఈ భయం తక్కువ.

తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. ట్రాక్‌ను అడ్డంగా కోసే చిన్న గీతను డ్రైవు తన తప్పులు దిద్దుకునే లెక్కలతో దాటేస్తుంది. ట్రాక్ వెంబడి సాగే గీత అయితే వరుసగా చాలా డేటా పోతుంది, దాన్ని దిద్దుకోలేదు. కాగితపు స్టిక్కర్ అంటించిన డిస్క్‌లు వేగంగా తిరిగేటప్పుడు బరువు ఒకవైపుకు లాగి వణుకుతాయి. మధ్య రంధ్రం దగ్గర చీలిక ఉన్న డిస్క్‌ను మాత్రం పెట్టనే పెట్టొద్దు. 52ఎక్స్ (మామూలు సీడీ వేగానికి 52 రెట్లు) డ్రైవు నిమిషానికి దాదాపు 10,000 చుట్లు తిప్పుతుంది. ఆ వేగంలో అది లోపలే ముక్కలైపోవచ్చు.

లాగ్ ఏమంటోంది?

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో (జరిగినవన్నీ కంప్యూటర్ రాసుకునే చిట్టాలో) డ్రైవు మొరాయించిన సమయం దగ్గర చూడండి. ఈవెంట్ 7 అంటే బ్యాడ్ బ్లాక్. డ్రైవు పనిచేస్తోంది, డిస్క్ మీది ఆ చోటు చదవలేకపోయింది అని. డిస్క్ లేదా లెన్సు తప్పు. ఈవెంట్ 9 టైమ్‌అవుట్, 11 కంట్రోలర్ ఎర్రర్, 129 డివైస్‌ను రీసెట్ చేయడం. ఈ మూడూ ఎక్కువగా కేబుల్, కరెంటు, బోర్డు వైపు వేలు చూపిస్తాయి. లైనక్స్‌లో కెర్నెల్ లాగ్ ఇంకా విడమరిచి చెబుతుంది. మీడియం ఎర్రర్ అంటే డిస్క్, లెన్సు. లింక్ రీసెట్ అని పదేపదే వస్తుంటే కేబుల్, కరెంటు.

కేబుల్, కరెంటు

కరెంటు ప్లగ్ తీసి, క్యాబినెట్ లోహాన్ని ఓసారి ముట్టుకుని మొదలుపెట్టండి. సాటా (ఐడీఈ తర్వాత వచ్చిన సన్నటి కేబుల్ రకం) డేటా కేబుల్‌ను రెండు చివరలా ఊడదీసి మళ్లీ గుచ్చండి. క్లిప్పు లేని పాత కేబుళ్లు ఫ్యాన్ అదురుకే కొద్దికొద్దిగా జారుతుంటాయి. తర్వాత వేరే కేబుల్, ఆ తర్వాత మదర్‌బోర్డుపై వేరే పోర్టు. ఒక్కో మార్పు తర్వాత ఆ ఐదు డిస్క్‌లతో పరీక్షించాకే ఇంకోదానికి వెళ్లండి.

ఐడీఈ అయితే చూసుకోవాల్సినవి ఎక్కువ. 80 తీగల కేబుల్‌లో నీలం కొన మదర్‌బోర్డుకు, నల్లది చివర ఉండే మాస్టర్‌కు (మొదటి డ్రైవుకు), మధ్యలో బూడిద రంగుది స్లేవ్‌కు (రెండో డ్రైవుకు). పొడవు 45 సెంటీమీటర్లు దాటకూడదు. ఒకే కేబుల్ మీద ఉన్న రెండు డ్రైవుల జంపర్లూ (మాస్టరా, స్లేవా అని చెప్పే వెనకవైపు చిన్న తొడుగులు) మాస్టర్‌లోనే ఉంటే ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి కనిపిస్తూ పిచ్చెక్కిస్తాయి.

డిస్క్ తిరగడం మొదలయ్యే క్షణంలోనే డ్రైవు మాయమైతే ఎస్‌ఎంపీఎస్‌ను (కంప్యూటర్‌కు కరెంటు సరఫరా చేసే పెట్టెను) అనుమానించండి. ఆ క్షణంలోనే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ముందుగా ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే వేరే వైరు తగిలించి చూడండి. మల్టీమీటర్ ఉంటే ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల కనెక్టర్‌లో కొలవొచ్చు: పసుపుకు నలుపుకు మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపుకు నలుపుకు మధ్య 4.75 నుంచి 5.25 వోల్టులు ఉండాలి. ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, డిస్క్ తిరగడం అందుకుంటున్నప్పుడు కొలవాలి. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

యూఎస్‌బీ డ్రైవు ‘టింగ్’ అని కనెక్ట్ అవుతూ, డిస్క్ తిరగబోతుండగా ఊడిపోతూ ఉంటే కరెంటు చాలడం లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ యాంపియర్లు, 3.0 ఇచ్చేది 900. డ్రైవు తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువ అడగొచ్చు. ముందువైపు పోర్టు, హబ్ వదిలేసి వెనక పోర్టుకు నేరుగా తగిలించండి. రెండు ప్లగ్గులున్న వై కేబుల్ దొరికితే ఇంకా మంచిది.

వేడిలోనా, చలిలోనా?

ఆన్ చేసిన మొదటి పది నిమిషాలు మొరాయించి తర్వాత దారిన పడితే రాడ్ల మీది గ్రీజు గట్టిపడి ఉండొచ్చు, కాస్త వేడెక్కగానే అది మెత్తబడుతుంది. దానికి విరుద్ధంగా, అరగంట బాగా నడిచి తర్వాత తప్పుతుంటే లేజర్‌నో బోర్డునో అనుమానించాలి, వేడెక్కేకొద్దీ లేజర్ డయోడ్ వెలుగు తగ్గుతుంది. క్యాబినెట్ పక్క రేకు తీసి పరీక్షిస్తే తేడా తెలిసిపోతుంది. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన కంప్యూటర్‌లో లెన్సు మీద చెమ్మ పడుతుంది, ఓ గంటో రెండు గంటలో ఆగితే అదే ఆరిపోతుంది.

విప్పాల్సి వస్తే

ముందుగా ఒక హెచ్చరిక. పై రేకు తీసి ఉన్న డ్రైవుకు కరెంటు ఇచ్చి లెన్సులోకి తొంగి చూడొద్దు. సీడీ లేజర్ కంటికి దాదాపు కనబడదు, కనబడదు కదా అని హాని తక్కువేం కాదు.

ల్యాప్‌టాప్ డ్రైవులో అయితే ట్రే లాగితే లెన్సు ఎదురుగానే ఉంటుంది, విప్పే పనే లేదు. డెస్క్‌టాప్ డ్రైవును బయటికి తీసి, ముందున్న చిన్న రంధ్రంలో నిటారుగా చేసిన పేపర్ క్లిప్పు గుచ్చి ట్రేను కొంచెం బయటికి తెప్పించి, చేత్తో లాగండి. ట్రే ముందు పట్టీని, తర్వాత డ్రైవు ముందు మూతను క్లిప్పులు నొక్కి ఊడదీయండి. డ్రైవును బోర్లా తిప్పితే నాలుగు స్క్రూలు ఉంటాయి, అవి తీస్తే కింది రేకు వస్తుంది. బోర్డుకు అతుక్కున్న పలచటి రిబ్బన్ కేబుళ్లను లాగకుండా పై రేకు ఎత్తండి.

లెన్సుకు 90 శాతం పైబడ్డ ఐసోప్రొపైల్ ఆల్కహాల్, శుభ్రమైన ఇయర్‌బడ్ కావాలి. బడ్‌ను తడిపి, అదనపు తడి పిండేసి, లెన్సు మీద బరువు పడకుండా రెండు చుట్లు తిప్పి, పొడి కొనతో మరో చుట్టు తిప్పండి. లెన్సు వెంట్రుకల్లాంటి తీగల మీద వేలాడుతుంటుంది, నొక్కితే ఆ తీగలు వంగుతాయి, అక్కడితో డ్రైవు కథ ముగుస్తుంది. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవాలు వద్దు, ప్లాస్టిక్ లెన్సు మసకబారుతుంది. కుచ్చు ఉన్న క్లీనింగ్ డిస్క్‌లు పొడి దుమ్మును కాస్త దులుపుతాయి గానీ, పొగ, నూనె జిడ్డుకు పనికిరావు.

రాడ్ల మీద పసుపుగా మారిన పాత గ్రీజును అదే ఆల్కహాల్‌తో తుడిచేసి, ప్లాస్టిక్‌కు హాని చేయని సిలికోన్ గ్రీజు ఆవగింజంత పెట్టండి. గేరును వేలితో తిప్పుతూ లెన్సు బండిని ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగైదుసార్లు నడిపించండి. ఎక్కడైనా పట్టేస్తే మళ్లీ తుడవండి. తుప్పు వదిలించే స్ప్రేలు, కుట్టుమిషను నూనె వద్దు. అవి పారి లెన్సు మీదికి చేరతాయి.

బెల్టు గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ట్రేను లోపలికి లాగే మోటారే, ట్రే చేరాక, లేజర్, డిస్క్‌ను తిప్పే మోటారు ఉన్న దిమ్మెను పైకెత్తి డిస్క్‌ను అయస్కాంతపు బిళ్ల కింద బిగిస్తుంది. బెల్టు సాగితే ట్రే మూసుకున్నట్టే కనిపిస్తుంది, కానీ ఆ చివరి ఎత్తు సరిగ్గా అందదు. డిస్క్ జారుతుంది, డ్రైవు డిస్క్ లేదంటుంది. ట్రే మూసిన తర్వాత ముందు మూతను వేలితో కొద్దిగా తోస్తే డిస్క్ చదువుతోందంటే తప్పు ఇక్కడే. బెల్టునూ కప్పీలనూ ఆల్కహాల్‌తో తుడిస్తే కొంత పట్టు వస్తుంది. బెల్టును వేడినీళ్లలో వేసి తీసినా కొన్నాళ్లు నడుస్తుంది గానీ మళ్లీ సాగుతుంది. కొత్తది కొంటే సాగిన దానికంటే చుట్టుకొలతలో సుమారు 5 శాతం చిన్నది, అదే మందం ఉన్నది తీసుకోండి.

లేజర్ పక్కన చిన్న స్క్రూలాంటి పొటెన్షియోమీటర్ కనిపిస్తుంది. దాన్ని తిప్పితే వెలుగు పెరిగి డ్రైవు మళ్లీ చదవొచ్చు, ఆ మాట నిజమే. కానీ అంతే వేగంగా ఆ డయోడ్ కాలిపోతుంది. ఆఖరి డిస్క్ ఒకటి దించుకోవాల్సి ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

ఎక్కడ ఆపాలి

కేబుల్, కరెంటు, లెన్సు, రాడ్లు, బెల్టు అన్నీ అయ్యాక కూడా తప్పుతుంటే మిగిలింది లేజర్ లేదా బోర్డు. వాటిని మార్చడం కంటే డ్రైవునే మార్చడం నయం. ల్యాప్‌టాప్ డ్రైవుల్లో ట్రేతో పాటు వందలసార్లు మడతపడే రిబ్బన్ కేబుల్ చిట్లుతుంది. ట్రేను కొద్దిగా కదిపినప్పుడు చదువుతూ, వదిలితే మానేస్తుంటే అదే. అతుకు వేయడానికి కుదిరేది కాదు.

మొండికేసిన డిస్క్‌ల నుంచి డేటా దించడానికి లైనక్స్‌లో డీడీరెస్క్యూ వాడండి. సెక్టార్ (డిస్క్ మీద ఒకేసారి చదివే చిన్న ముక్క) సైజు 2048 అని ఇచ్చి, మ్యాప్ ఫైలు పేరు తప్పనిసరిగా పెట్టండి. చదివిన చోట్లన్నీ ఆ ఫైలులో నమోదవుతాయి కాబట్టి ఆపి, మళ్లీ అక్కడి నుంచే కొనసాగించవచ్చు. అంతకంటే మేలు ఏమిటంటే, అదే మ్యాప్ ఫైలుతో డిస్క్‌ను వేరే డ్రైవులో పెట్టి మిగిలిన ఖాళీలు పూరించవచ్చు. ఒక డ్రైవు చదవలేని సెక్టార్‌ను మరోటి చదవడం మామూలే. వేగం తగ్గించినా లాభం ఉంటుంది, 8ఎక్స్ దగ్గర తడబడకుండా చదివే డిస్క్‌లు 48ఎక్స్ దగ్గర ఎర్రర్లు ఇస్తాయి.

కొత్త డ్రైవు తెచ్చేముందు ల్యాప్‌టాప్‌లో మందం కొలవండి. 12.7 మిల్లీమీటర్ల చోట 9.5ది వదులుగా ఊగుతుంది, 9.5 చోట 12.7ది పట్టదు. ముందు పట్టీ పాత డ్రైవుది ఊడదీసి దీనికి బిగించుకోవాలి. డెస్క్‌టాప్‌లో డ్రైవుకు వాడేది సన్నటి మరల ఎం3 స్క్రూ. హార్డ్ డిస్క్‌కు వాడే ముతక మరల స్క్రూను బలవంతంగా తిప్పితే మర చెడుతుంది. 5 మిల్లీమీటర్ల పొడవుంటే చాలు, అంతకంటే పొడవైనది లోపలి భాగాలకు తగలొచ్చు.